ఇంజిన్ జరిపి హైడ్రాలిక్ స్టీరింగ్ పెట్టించుకోవాలనుకునే ఫైబర్ బోటు లబ్ధిదారులకు పాఠం

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, మొత్తం 61 రోజులు, మన తీరంలో మోటారు బోట్లకు వేట నిషేధం. బోటు ఎలాగూ ఒడ్డునే ఉంటుంది కాబట్టి ఇంజిన్ విప్పే పనైనా, ఫైబర్ పనైనా అందరూ అప్పుడే పెట్టుకుంటారు. పెద్ద అవుట్‌బోర్డ్ ఇంజిన్, స్టీరింగ్ చక్రం ఉన్న బోట్ల వాళ్ళు ఆ రోజుల్లో అడిగే మాట ఒకటుంది. “చక్రం తిప్పాలంటే రెండు చేతులూ పడుతున్నాయి. హైడ్రాలిక్ పెట్టించుకోమంటున్నారు. దానికి ఇంజిన్ అంతా విప్పి జరపాలంట. ఎందుకు? మనమే చేసుకోవచ్చా?”

ఈ పాఠం ఆ ప్రశ్నకు జవాబు. ఫోన్‌లో దాచుకోండి. మెకానిక్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఒకసారి చదువుకుని వెళ్ళండి. పని మీరు చెయ్యకపోయినా, పని ఎలా జరగాలో తెలిసిన యజమాని ముందు ఎవరూ తప్పుడు పని చెయ్యరు.

ముందు: ఇది మీకు అవసరమా?

పది హెచ్‌పీ లోపు ఇంజిన్, చేత్తో పట్టుకుని తిప్పే పిడి ఉన్న బోటైతే ఈ పాఠం మీకు కాదు. డబ్బు ఖర్చు పెట్టకండి. ఆ పిడి కంటే నమ్మకమైన స్టీరింగ్ లేదు. అల మీద ఎక్కి ఇసుకలోకి దూసుకొచ్చి, చివరి క్షణంలో ఇంజిన్ పైకి ఎత్తేసే బోట్లకు కూడా నేను హైడ్రాలిక్ వద్దనే చెప్తాను. ఇసుక, అల తాకిడి, వల తాళ్ళు, పదే పదే ఇంజిన్ ఎత్తడం దించడం... వీటి మధ్య రెండు నూనె గొట్టాలు ఎక్కువ రోజులు బతకవు.

ఎవరికి పనికొస్తుందంటే, హార్బర్‌లోనో కాలువలోనో నీళ్ళ మీదే బోటు కట్టుకునేవాళ్ళకు. 40 హెచ్‌పీ, ఆ పైన ఇంజిన్, చక్రం, రిమోట్ లివరు ఉన్నవాళ్ళకు. పెద్ద ఇంజిన్ జోరుగా నడుస్తున్నప్పుడు ఫ్యాను తిరిగే బలం బోటును ఒక పక్కకు లాగుతూ ఉంటుంది. కేబుల్ స్టీరింగ్‌లో ఆ లాగుడంతా చక్రం పట్టుకున్నవాడి భుజాల మీద పడుతుంది. హైడ్రాలిక్‌లో చక్రం వెనకున్న పంపులోని వాల్వు నూనెను అక్కడే ఆపేస్తుంది. చక్రం వదిలినా ఇంజిన్ ఎక్కడ ఉందో అక్కడే నిలుస్తుంది. మొగ దాటేటప్పుడు ఈ తేడా తెలుస్తుంది. పాటు నీళ్ళు బయటికి తోస్తుంటాయి, ఎదురుగా అల లేస్తుంది, అప్పుడు చక్రం అర సెకను ఆలస్యంగా తిరిగితే బోటు అలకు అడ్డం పడుతుంది. అడ్డం పడ్డ బోటు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

అయినా సరే, కిట్ కొనకముందు రూపాయి ఖర్చు లేని పరీక్ష ఒకటి చెయ్యండి. కేబుల్ చివర ఇంజిన్‌కు కలిపే లింకు కడ్డీ ఉంటుంది. దాని బోల్టు విప్పి పక్కన పెట్టి, ఇంజిన్‌ను చేత్తో అటూ ఇటూ తిప్పండి. ఇంజిన్ తేలిగ్గా తిరిగితే తప్పు కేబుల్‌ది. ఇంజిన్ కూడా బిగుసుకుని ఉంటే తప్పు ఇంజిన్ తిరిగే ఇరుసులో ఉంది. అక్కడ పాత గ్రీజు ఎండి, ఉప్పు పట్టి ఉంటుంది. అలాంటి ఇంజిన్‌కు హైడ్రాలిక్ బిగిస్తే కొన్నాళ్ళు బాగానే తిరుగుతుంది, ఎందుకంటే పంపు బలం ఎక్కువ. తర్వాత సీళ్ళు పోతాయి. ముందు గ్రీజు నిపిల్‌లోంచి కొత్త గ్రీజు ఎక్కించి, పాతది బయటికొచ్చేదాకా తిప్పండి. సగం మందికి ఇక్కడే పని అయిపోతుందని నా అనుభవం.

తప్పు కేబుల్‌దే అని తేలినా, కొత్త కేబుల్ వేసుకునే దారి ఉండనే ఉంది. చవక కూడా. కేబుల్ కడ్డీకి గ్రీజు నిపిల్ ఉంటే ఒక సంగతి గుర్తుంచుకోండి: కడ్డీ పూర్తిగా లోపలికి వచ్చినప్పుడే గ్రీజు కొట్టాలి. బయటికి సాగి ఉన్నప్పుడు కొడితే గ్రీజే అడ్డుపడి స్టీరింగ్‌ను బిగించేస్తుంది. మనోళ్ళలో చాలామంది కేబుళ్ళు ఇలాగే పాడయ్యాయి.

కాగితాలు, డబ్బు

ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన 2020లో మొదలైంది. అందులో సంప్రదాయ మత్స్యకారులకు పాత బోటు బదులు కొత్త బోటు, వలలు ఇచ్చే అంశానికి యూనిట్ ఖరీదు 5 లక్షల రూపాయలు. సాధారణ వర్గాలకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం సబ్సిడీ. అంటే 5 లక్షల యూనిట్‌లో 3 లక్షలో 2 లక్షలో మీ సొంత డబ్బు, లేదా బ్యాంకు అప్పు. ఆ బోటు మీద చేసే ఏ మార్పైనా ఈ లెక్క మనసులో పెట్టుకుని చెయ్యాలి.

సబ్సిడీతో వచ్చిన బోటో ఇంజినో అయితే మంజూరు పత్రం తీసి షరతులు చదవండి. చదవడం రాకపోతే గ్రామ మత్స్య సహాయకుడి చేత చదివించుకోండి. మార్పు చేసేముందు ఒక తెల్ల కాగితం మీద రాసి ఇవ్వండి: ఫలానా ఇంజిన్, ఫలానా నంబరు, అదే బోటు మీద స్టీరింగ్ మార్పు కోసం విప్పి తిరిగి బిగిస్తున్నాం అని. నకలు మీద ముద్ర వేయించుకుని దాచుకోండి. పని ముందు, పని తర్వాత ఫొటోలు తీసుకోండి.

ఇంజిన్ నంబరు పలక సాధారణంగా బోటుకు తగిలించే బ్రాకెట్ పక్కన ఉంటుంది. పెయింటర్లు దాని మీద రంగు వేసేస్తారు, కొత్త బ్రాకెట్లు దాన్ని కప్పేస్తాయి. తనిఖీకి వచ్చినవాళ్ళకు నంబరు కనబడకపోతే అది మీ తలనొప్పి అవుతుంది. పలక మీద టేపు అంటించి అప్పుడు రంగు వెయ్యమనండి.

ఇంకొకటి. నిషేధ కాలంలోనే బోట్ల లెక్కలకు వస్తారు. రాష్ట్ర ప్రభుత్వం 2025 నుంచి ఇస్తున్న 20,000 రూపాయల నిషేధకాల భృతికి ఆ లెక్కే ఆధారం. మీ ఇంజిన్ అప్పుడు కాకినాడలోనో విశాఖలోనో షాపులో ఉంటే, ఇంజిన్ నంబరు రాసి ఉన్న షాపు రసీదు ఇంట్లో ఉండాలి. “రిపేరుకిచ్చాం” అన్న నోటిమాట చాలదు. ఆ 20,000 తీసుకెళ్ళి స్టీరింగ్ కిట్‌కు కట్టేసే ఆలోచన కూడా వద్దు. అది రెండు నెలలు పొయ్యి వెలగడానికి ఇచ్చిన డబ్బు. ఇంట్లో ఆడవాళ్ళను అడిగి చూడండి, వాళ్ళూ ఇదే అంటారు.

స్టీరింగ్ కిట్‌కు వేరే సబ్సిడీ ఇప్పిస్తామని ఎవరైనా ముందు డబ్బు అడిగితే, ఆ ఉత్తర్వు కాగితం చూపించమనండి. దరఖాస్తు ఏదైనా గ్రామ సచివాలయం, రైతు సేవా కేంద్రం, మత్స్యశాఖ కార్యాలయం ద్వారానే పెట్టండి. ఇంజిన్ గ్యారంటీ కాలంలో ఉంటే పని డీలరు చేతే చేయించి బిల్లు తీసుకోండి.

ఇంజిన్ ఎందుకు జరపాలి?

ఇదే అసలు పాఠం. నెమ్మదిగా చదవండి.

ఇంజిన్‌ను పైకి వాల్చేటప్పుడు అది ఒక అడ్డ గొట్టం మీద తిరుగుతుంది, తలుపు కీలు మీద తిరిగినట్టు. ఆ గొట్టాన్ని టిల్ట్ ట్యూబ్ అంటారు. కేబుల్ స్టీరింగ్ ఉన్న బోటులో కేబుల్ చివరి ఇనుప కడ్డీ ఈ గొట్టంలోంచి దూరి అవతలికి వచ్చి ఇంజిన్‌ను తోస్తుంది. హైడ్రాలిక్ సిలిండరు పెట్టాలన్నా ఈ గొట్టమే ఆధారం. కిట్‌తో వచ్చే గట్టి కడ్డీ ఒకటి ఇదే గొట్టంలోంచి పోతుంది, దాని రెండు చివర్లకూ సిలిండరు బ్రాకెట్లు బిగుస్తాయి.

కాబట్టి పాత కడ్డీ బయటికి రావాలి, కొత్త కడ్డీ లోపలికి పోవాలి. రెండూ పక్కనుంచే జరగాలి, పైనుంచి కాదు. కడ్డీ ఎంత పొడుగుందో గొట్టం పక్కన అంత ఖాళీ ఉండాలి. మన ఫైబర్ బోట్లలో ఇంజిన్ ముందు నీళ్ళు ఆగే తొట్టి ఉంటుంది, దాని పక్క గోడలు గొట్టానికి జానెడు దూరంలోనే నిలబడతాయి. కడ్డీ సగం వచ్చి గోడకు తగిలి ఆగిపోతుంది. అందుకని ఇంజిన్‌ను తొట్టి అంచు కంటే గొట్టం పైకి వచ్చేదాకా లేపాలి, లేదా పక్కకు జరపాలి.

“ఇంజిన్ వాల్చితే గొట్టం పైకి లేస్తుంది కదా” అని చాలామంది అనుకుంటారు. లేవదు. అది కీలు, ఇంజిన్ దాని చుట్టూ తిరుగుతుంది, అది మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఎంత వాల్చినా గోడ అడ్డమే.

కొందరు మెకానిక్‌లు దీనికి అడ్డదారి ఒకటి కనిపెట్టారు. ఇంజిన్ లేపే శ్రమ ఎందుకని తొట్టి పక్క గోడకు రంధ్రం కొట్టి కడ్డీని అందులోంచి లాగేస్తారు. అరగంటలో పనైపోతుంది. ఆ రంధ్రం మూయకుండా, లేదా మూతి మీద ఏదో పూసి పంపేస్తారు. ఆ తొట్టి ఉన్నదే వెనక అల వచ్చినప్పుడు నీళ్ళు బోటు లోపలికి పోకుండా ఆపడానికి. రంధ్రం పడ్డాక ఆ నీళ్ళు నేరుగా అడుగు పొరల్లోకి పోతాయి. ఒక బోటులో నేనే చూశాను, తోడే పంపు రోజూ నడుస్తున్నా అడుగున నీళ్ళు తగ్గడం లేదని యజమాని నన్ను పిలిచాడు. తల్లకిందులుగా పడుకుని టార్చి వేసి చూస్తే గోడకు రూపాయి బిళ్ళంత రంధ్రం. దాన్ని కొట్టినవాడు డబ్బు తీసుకుని వెళ్ళి రెండేళ్ళయింది. మీ బోటులో రంధ్రం కొట్టనివ్వకండి.

జరపడానికి రెండో కారణం కూడా ఉంది. సిలిండరు ఇంజిన్ ముందు వైపు కూర్చుంటుంది. ఇంజిన్‌ను పూర్తిగా వాల్చినప్పుడు సిలిండరు కిందికీ ముందుకీ తిరుగుతుంది. అక్కడ చోటు లేకపోతే వెనక గోడకో తొట్టి అంచుకో కొట్టుకుంటుంది. సిలిండరు పగలడమో ఫైబర్ పగలడమో ఏదో ఒకటి ఖాయం. కిట్ కొనకముందే పుస్తకంలో ఎంత ఖాళీ కావాలో ఉంటుంది, టేపు పెట్టి కొలవండి. కొలత చాలకపోతే ఇంజిన్‌ను శాశ్వతంగా ఒక రంధ్రం పైకి లేపాలి, లేదా వెనక్కి జరిపే బ్రాకెట్ వేయాలి. వెనక్కి జరిపితే బరువు కూడా వెనక్కి పోతుంది, వెనక గోడ మీద లాగుడు పెరుగుతుంది. చిన్న బోటుకు ఆ బ్రాకెట్ నేను సిఫారసు చెయ్యను.

ఇంజిన్ ఎత్తడం

మొదట బ్యాటరీ వైర్లు విప్పండి. పెట్రోలు పైపు తీసి, ట్యాంకు దూరంగా పెట్టండి. గేరు, యాక్సిలరేటరు కేబుళ్ళు ఎక్కడ ఎలా ఉన్నాయో ఫోన్‌లో ఫొటో తీసుకుని అప్పుడు విప్పండి. చుట్టుపక్కల బీడీ, సిగరెట్, వెల్డింగ్ ఏదీ ఉండకూడదు.

ఎత్తడానికి చైన్ బ్లాకు కావాలి. మూడు మంచి సరుగుడు గుంజలు పైన గట్టిగా కట్టి, కాళ్ళు జారకుండా గుంటలు తీసి పాతి, మధ్యలో చైన్ బ్లాకు వేలాడదీస్తే సరిపోతుంది. అందరికీ తెలిసిన పనే. తెలియనిది కొక్కెం ఎక్కడ తగిలించాలన్నది. ఇంజిన్ కంపెనీ పుస్తకంలో ఎత్తే చోటు చూపిస్తారు, చాలా ఇంజిన్లకు పై మూత తీస్తే కొక్కెం చోటు కనబడుతుంది. పై మూతకు తాడు కట్టి ఎత్తకండి. ఆ మూత ప్లాస్టిక్, దాని పట్టీలు ఇంజిన్ బరువు మోసేవి కావు. పిడికో ఫ్యాను వైపు కాలికో కట్టినా బరువు ఒక పక్కకు తిరిగి చేతులు నలుగుతాయి. చైన్ బిగిసి బరువు పట్టాకే బోల్టులు విప్పాలి. ఇంజిన్ గాలిలో ఉండగా దాని కింద చెయ్యీ కాలూ పెట్టొద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వద్దు.

కడ్డీ మార్చడానికి మాత్రమే అయితే ఇంజిన్‌ను పూర్తిగా దించక్కర్లేదు. గొట్టం తొట్టి అంచు దాటేంత, చాలా బోట్లలో నాలుగైదు అంగుళాలు, లేపి కింద చెక్క దిమ్మలు పెట్టి నిలపండి. చైన్ వదలకండి. నేల మీద పడుకోబెట్టాల్సి వస్తే ఏ పక్కకు పడుకోబెట్టాలో పుస్తకం చూడండి. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌ను తప్పు పక్కకు పడుకోబెడితే ఆయిల్ సిలిండర్లలోకి పోతుంది.

పాత కడ్డీ గొట్టంలో తుప్పు పట్టి ఇరుక్కుని ఉంటే తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలెయ్యండి. మర్నాడు గొట్టం కంటే సన్నటి ఇనుప కడ్డీని ఆనించి సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వెయ్యండి. మంట పెట్టకండి, పక్కనే పెట్రోలు ఆవిరి ఉంటుంది. కడ్డీ వచ్చాక గొట్టం లోపల బ్రష్షుతో తళతళలాడేలా శుభ్రం చేసి, బోటు గ్రీజు నిండుగా పూసి, కొత్త కడ్డీని చేత్తోనే దూర్చండి. చేత్తో పోవాలి, చేత్తో తిరగాలి. సుత్తితో కొడితేగానీ పోవడం లేదంటే గొట్టం ఇంకా శుభ్రం కాలేదని అర్థం. కడ్డీ చివర్ల నట్లు వాటంతట అవి వదులు కాని రకం ఉంటాయి. అవి ఒక్కసారికే. పాతవి మళ్ళీ వాడకండి.

వెనక గోడ సంగతి

ఇంజిన్ లేచింది కదా, ఇప్పుడు వెనక గోడ బట్టబయలుగా కనబడుతుంది. ఏళ్ళ తరబడి దొరకని అవకాశం ఇది. దీన్ని వదులుకుంటే మీ అంత నష్టపోయినవాడు ఉండడు.

బయటికి ఫైబర్‌గా కనబడే ఆ గోడ లోపల చాలా బోట్లలో ప్లైవుడ్ ఉంటుంది. బోల్టు రంధ్రాల్లోంచి నీళ్ళు దిగితే ఆ చెక్క లోపల్లోపలే కుళ్ళుతుంది, బయటికి ఏమీ తెలియదు. చిన్న సుత్తి తీసుకుని గోడంతా తట్టండి. గట్టిగా ‘టక్’ మంటే మంచిది. మెత్తగా, బోలుగా ‘డబ్’ మంటే అనుమానించండి. బోల్టు రంధ్రంలోంచి గోధుమ రంగు నీళ్ళు కారినా, స్క్రూడ్రైవర్ దూర్చితే చెక్క పిండిలా వచ్చినా పని అక్కడ ఆపండి. కిట్‌కు దాచిన డబ్బుతో ముందు గోడ చేయించుకోండి. కుళ్ళిన గోడ మీద కొత్త స్టీరింగ్ పెడితే సముద్రంలో ఇంజిన్ గోడతో సహా ఊడి నీళ్ళలో పడుతుంది, వెనక నుంచి బోటు నిండుతుంది. అప్పుడు చక్రం ఎంత తేలిగ్గా తిరిగినా ఏం లాభం?

గోడ మంచిదైతే, పాత రంధ్రాల్లో వాడనివి మూసెయ్యాలి. రంధ్రం కొంచెం పెద్దది చేసి, తడి చెక్కను ఎండనివ్వండి. ఏప్రిల్, మే ఎండ దీనికే ఉంది. రాత్రి మంచు పడకుండా కప్పండి. బాగా ఎండాక ఎపాక్సీలో ఫైబర్ ముక్కలు కలిపి కూరి, గట్టిపడ్డాక మళ్ళీ రంధ్రం వేసుకోండి. కిటికీ అద్దాలకు పెట్టే సిలికాన్‌తో పూడ్చడం పూడ్చడం కాదు. కొత్త బోల్టుల చుట్టూ బోటు పనికి వచ్చే పాలీయురెథేన్ సీలెంట్ పెట్టండి. కింది రెండు బోల్టులకు మరీ నిండుగా పెట్టాలి, అవి నీటి దగ్గర ఉంటాయి.

మళ్ళీ కూర్చోబెట్టడం: ఎత్తు, మధ్య గీత

ఇంజిన్ ఎక్కడ ఉండేదో గుర్తు లేకుండా విప్పేసి, మళ్ళీ కంటి లెక్కన బిగించేవాళ్ళున్నారు. విప్పకముందే గోడ మీద మార్కర్‌తో గీతలు గీసుకోండి. ఒక్క ఇంజిన్ ఉన్న బోటులో అది సరిగ్గా మధ్య గీత మీద ఉండాలి. రెండు పక్కల నుంచీ టేపు పెట్టి కొలవండి.

పెద్ద ఇంజిన్ల బ్రాకెట్ రంధ్రాలు దాదాపు అన్ని కంపెనీలకూ ఒకే కొలత: పై రెండు బోల్టుల మధ్య 327 మిల్లీమీటర్లు, కింది రెండింటి మధ్య 251. ఒక్కో రంధ్రం మారితే ఇంజిన్ 19 మిల్లీమీటర్లు లేస్తుంది లేదా దిగుతుంది. ఎంత ఎత్తు సరైనది? ఫ్యానుకు పైన అడ్డంగా ఒక రెక్క పలక ఉంటుంది. అది బోటు అడుగుతో సమానంగా, లేదా దానికి 25 మిల్లీమీటర్ల లోపు కిందికి ఉండాలి. బోటు అడుగుకు ఒక బద్ద ఆనించి వెనక్కి చాపితే చూసుకోవచ్చు. పలక మరీ పైకి వస్తే మలుపులో ఫ్యాను గాలి మింగి ఇంజిన్ అరుస్తుంది, బోటు కదలదు. మరీ కిందికి ఉంటే నీళ్ళు లాగి పెట్రోలు తాగుతుంది. సిలిండరు చోటు కోసం ఇంజిన్ ఒక రంధ్రం లేపినా ఈ కొలత లోపలే ఉంటే మంచిదే. దాటితే ఆ కిట్ మీ బోటుకు కాదు.

పెద్ద వాషర్లు వేసి, నాలుగు బోల్టులూ ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. ఒకటి పూర్తిగా బిగించి రెండోదానికి పోవద్దు. వాషరు ఫైబర్‌లోకి దిగబడేంత బిగించడం బలం కాదు, చెక్కను నలపడం.

నూనె పొయ్యడం, గాలి తియ్యడం

కిట్ పలక మీద ఎన్ని హెచ్‌పీ దాకా అని ఉంటుంది. అది మీ ఇంజిన్ హెచ్‌పీకి సమానమో ఎక్కువో ఉండాలి. పంపు నుంచి సిలిండరుకు రెండు గొట్టాలు వెళ్తాయి. వాటిని పదునైన మూలలకు రాసుకోకుండా, పెట్రోలు పైపుతో కలిపి కట్టకుండా తీసుకెళ్ళండి. చివర్లో ఇంజిన్ రెండు వైపులా తిరిగి, పైకి వాల్చినా బిగుసుకోనంత వదులు ఉండాలి. మరల మీద నీళ్ళ పైపులకు చుట్టే తెల్ల టేపు చుట్టకండి. దాని పోగులు ఊడి పంపు వాల్వులో ఇరుక్కుంటాయి. కిట్ పుస్తకం చెప్పిన ద్రవ సీలెంట్ మాత్రమే పెట్టండి.

నూనె స్టీరింగ్‌కని అమ్మేదే పొయ్యాలి. బ్రేక్ ఆయిల్ ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, అది లోపలి సీళ్ళను తినేస్తుంది. డబ్బా రంగు చూసి మోసపోకండి, పేరు చదవండి.

గాలి తియ్యడానికి ఇద్దరుండాలి. ఒకరు చక్రం దగ్గర, ఒకరు ఇంజిన్ దగ్గర. చక్రం దగ్గరున్నవాళ్ళ పని ఒక్కటే: పంపు మూతి దగ్గర నూనె ఎప్పుడూ కనబడుతూ ఉండాలి. ఒక్కసారి ఖాళీ అయితే గాలి మింగుతుంది, పని మొదటికి వస్తుంది. చక్రాన్ని ఒక వైపు చివరిదాకా తిప్పి, పుస్తకం చెప్పిన వైపు సిలిండరు నిపిల్‌కు సన్న పైపు తగిలించి సీసాలో పెట్టి, నిపిల్ వదులు చెయ్యండి. సిలిండరు కదలకుండా పట్టుకుని చక్రం రెండో వైపు తిప్పితే నూనెతో పాటు బుడగలు వస్తాయి. బుడగలు ఆగి నూనె ధారగా వచ్చేదాకా తిప్పి, తిప్పుతూ ఉండగానే నిపిల్ బిగించండి. తర్వాత రెండో వైపు నిపిల్‌తో అదే పని. తొందరపడకండి. సీసాలో పట్టిన నూనెలో సన్న బుడగలు ఉంటాయి, దాన్ని వెంటనే తిరిగి పంపులో పొయ్యకండి.

అయిపోయిందని ఎలా తెలుస్తుంది? చక్రం చివరిదాకా తిప్పి ఇంకా బలం పెడితే రాయిలా ఆగాలి. స్ప్రింగులా వెనక్కి తంతే లోపల గాలి ఉన్నట్టే. ఒక వైపు చివర నుంచి రెండో చివరకు చాలా కిట్లలో చక్రం నాలుగు నుంచి ఆరు చుట్లు తిరుగుతుంది. ఇన్ని చుట్లేంటని కేబుల్‌కు అలవాటుపడ్డ చేతికి మొదట విసుగ్గా ఉంటుంది. పది రోజుల్లో సర్దుకుంటుంది.

ఒడ్డున పరీక్ష, నీళ్ళలో పరీక్ష

ఒడ్డునే ఇంజిన్‌ను పూర్తిగా వాల్చి, అలా వాల్చిన స్థితిలోనే చక్రం రెండు చివర్లకూ తిప్పండి. ఇంజిన్ మామూలుగా నిలబడి ఉన్నప్పుడు తగలనివన్నీ ఇప్పుడు తగులుతాయి: సిలిండరు గోడకు, గొట్టం తొట్టి అంచుకు, మూత బ్యాటరీ పెట్టెకు. ఈ ఒక్క పరీక్ష చెయ్యకుండా మెకానిక్‌ను పంపకండి, డబ్బు కూడా ఇవ్వకండి. తర్వాత ప్రతి జాయింటు కింద పొడి కాగితం పెట్టి చక్రం చివర్లలో గట్టిగా నొక్కి పట్టుకోండి. కాగితం మీద మరక పడితే అక్కడ కారుతోంది.

మొదటి ప్రయాణం కాలువలో, నెమ్మదిగా, లైఫ్ జాకెట్లు వేసుకుని. ఇంజిన్ ఆపే ఎర్ర తాడు సరంగు ఒంటికి తగిలించుకోవాలి. హైడ్రాలిక్ బోటులో ఇది ఇంకా ముఖ్యం. చక్రం వదిలినా ఇంజిన్ తిరిగినవైపే నిలబడుతుందని చెప్పుకున్నాం కదా, మనిషి నీళ్ళలో పడితే బోటు అదే వంపులో గుండ్రంగా తిరిగి అతని మీదికే వస్తుంది. తాడు ఉంటే ఇంజిన్ ఆగిపోతుంది. గంట తిరిగి వచ్చాక నాలుగు బోల్టులూ మళ్ళీ బిగించి చూడండి, నూనె మట్టం చూడండి. నూనె మూత మరల కింది అంచు దాకా ఉండాలి.

వేటకు వెళ్ళేటప్పుడు బోటులో ఒక లీటరు స్టీరింగ్ నూనె, సిలిండరు లింకు బోల్టుకు సరిపోయే స్పానర్, ఒక గట్టి కర్ర లేదా తెడ్డు ఉండాలి. సముద్రంలో గొట్టం పగిలి నూనె పోతే చక్రం ఊరికే తిరుగుతుంది, ఇంజిన్ దాని ఇష్టం. వెంటనే వేగం పూర్తిగా తగ్గించండి. కారుతున్నది జాయింటైతే బిగించి నూనె పోసి నెమ్మదిగా రండి. స్టీరింగ్ నూనె అయిపోతే ఒడ్డుకు చేరడం వరకూ ఆటోమేటిక్ గేరు ఆయిల్ పోసుకోవచ్చు, వచ్చాక అంతా తీసి సరైనది నింపాలి. అప్పుడు కూడా బ్రేక్ ఆయిల్ వద్దు. గొట్టమే చీలితే ఇంజిన్ ఆపి లింకు బోల్టు విప్పండి. ఇంజిన్ చేతికి స్వేచ్ఛగా తిరుగుతుంది. మళ్ళీ స్టార్ట్ చేసి అతి తక్కువ వేగంలో ఒకరు వెనక కర్రతో ఇంజిన్‌ను తిప్పుతూ, ఒకరు ముందు దారి చెప్తూ రావచ్చు. పోటు సమయం చూసుకుని మొగలోకి రండి. గాలి ఎక్కువగా ఉంటే మొగ దగ్గరికి రాకుండా లంగరు వేసి, తోటి బోటును పిలవండి.

నెలకొకసారి సిలిండరు కడ్డీ మీద ఉప్పు మంచినీళ్ళతో కడిగి తుడవండి. పొడి ఉప్పు సీలును రంపంలా కోస్తుంది. టిల్ట్ గొట్టానికి గ్రీజు నిపిళ్ళుంటే వాటికీ కొట్టండి.

ఈ పని నేర్చుకోవాలనుకునే మీ ఇంటి కుర్రాళ్ళుంటే కాకినాడలోని రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థలో శిక్షణ వివరాలు అడగండి. విశాఖలో కేంద్ర మత్స్య నౌకా శిక్షణ సంస్థ సిఫ్‌నెట్ శాఖ ఉంది, అక్కడ మెరైన్ ఫిట్టర్ కోర్సు చెప్తారు. ఊళ్ళో పని తెలిసినవాడు ఒకడుంటే, జూన్ 15 తెల్లవారుజామున ఇరవై బోట్లు ఒకేసారి కదిలే రోజుకు అతనికి చేతినిండా పనే.